పాత కారుకి పెద్ద ఆల్టర్నేటర్ వేస్తున్నారా? ముందు వైర్ల సంగతి చూడండి

పాత కారుకి ఏసీయో, ఎలక్ట్రిక్ రేడియేటర్ ఫ్యానో, గట్టి మ్యూజిక్ సిస్టమో పెట్టించాక చాలామందికి మొదలయ్యే బాధ ఒకటే. రాత్రిపూట సిగ్నల్ దగ్గర బండి ఆగగానే హెడ్‌లైట్లు పచ్చబడిపోతాయి, వైపర్లు ఈడ్చుకుంటూ కదులుతాయి, ఇండికేటర్ వేగం తగ్గిపోతుంది. యాక్సిలరేటర్ మీద కాలు వేస్తే మళ్లీ అన్నీ మామూలైపోతాయి. ఇది చూసి ఎవరో ఒకరు, ఇంజిన్ బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ని చూపించి, "ఆల్టర్నేటర్ సరిపోవట్లేదు, పెద్దది వేసెయ్" అంటారు. ఆ మాటలో నిజం ఉంది, కానీ సగమే. పెద్ద ఆల్టర్నేటర్ బిగించడం పెద్ద కష్టమేం కాదు, బోల్టులు సరిపోతే ఒక పూటలో అయిపోతుంది. అది ఇచ్చే కరెంటుని మోయాల్సిన వైరు, ఎర్తు (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగొచ్చే దారి), దాన్ని తిప్పాల్సిన బెల్టు మాత్రం పాతవే ఉంటాయి కదా, అవి ఎప్పుడో 35, 40 యాంపియర్ల కోసం పెట్టినవి. వాటిని అలాగే వదిలేసి 100 యాంపియర్ల ఆల్టర్నేటర్ వేస్తే లైట్లు పెద్దగా బాగుపడవు సరికదా, వైరింగ్ కాలే ప్రమాదం కొత్తగా వచ్చి చేరుతుంది.

అందుకే ఇక్కడ వైర్ల గురించి ఎక్కువ, ఆల్టర్నేటర్ గురించి తక్కువ రాస్తున్నాను.

అసలు మార్చాల్సిన అవసరం ఉందా?

కొనే ముందు ఒక మల్టీమీటర్ తీసుకుని అరగంట కేటాయించండి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ మీద 12.6 వోల్టులు దగ్గర్లో చూపించాలి. 12.2 కంటే తక్కువ ఉంటే ముందు దాన్ని చార్జర్‌తో నింపి, అప్పుడు మిగతా పరీక్షలు చేయండి, లేకపోతే ఏ అంకెనీ నమ్మలేరు. ఇంజిన్ స్టార్ట్ చేసి, లైట్లూ ఫ్యానూ ఏమీ వేయకుండా, బ్యాటరీ రెండు పోస్టుల మధ్య చూడండి, 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ బాగానే ఉన్నట్టు. ఇప్పుడు హెడ్‌లైట్లు, బ్లోయర్ ఫుల్లు, వెనక అద్దం హీటర్, వైపర్లు అన్నీ ఆన్ చేయండి. ఐడ్లింగ్‌లో 13 కిందికి పడిపోయి, 2000 ఆర్‌పీఎం దాకా రేస్ చేస్తే మళ్లీ 13.8కి వచ్చేస్తుంటే, ఆల్టర్నేటర్ బానే ఉంది కానీ ఐడ్లింగ్‌లో దాని శక్తి చాలట్లేదు అని అర్థం. రేస్ చేసినా పైకి లేవకపోతే రెండు మూడు అనుమానాలు ఉంటాయి: బెల్టు జారుతోంది, లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు అరిగాయి లేదా కరెంటుని ఒకే దిశలో పంపే ఒక డయోడ్ పోయింది, లేదా నిజంగానే లోడు దాని తాహతు దాటిపోయింది. డయోడ్ సంగతి తేల్చడానికి, ఇంజిన్ నడుస్తుండగా మీటర్‌ని ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టుల మీద పెట్టి బ్యాటరీ దగ్గర చూడండి, 0.1 వోల్టు కంటే బాగా ఎక్కువ చూపిస్తే డయోడ్ ప్లేటు మీద అనుమానపడాల్సిందే.

ఆ తర్వాతి పరీక్షని చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో మాత్రం ఇది అన్నిటికంటే ముఖ్యం. మీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, ఎర్ర ప్రోబ్‌ని ఆల్టర్నేటర్ వెనకాల ఉండే బి ప్లస్ స్టడ్ (కరెంటు బయటికొచ్చే బోల్టు) మీద, నల్లదాన్ని బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద పెట్టండి. స్టడ్ మీదే పెట్టాలి, లగ్గు (వైరు చివరి రింగు) మీద కాదు. పోస్టు మీదే పెట్టాలి, క్లాంపు మీద కాదు. ఎందుకంటే తుప్పు ఉండేది సరిగ్గా ఆ రెండింటి మధ్యలోనే, ప్రోబ్‌ని దాటించి పెడితే ఆ తుప్పు లెక్కలోకే రాదు. లోడు అంతా ఆన్‌లో ఉంచి, ఇంజిన్‌ని 1500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని చదవండి. 0.2, 0.3 వోల్టుల లోపు ఉంటే పాజిటివ్ దారి బాగున్నట్టు. తర్వాత ఒక ప్రోబ్ ఆల్టర్నేటర్ బాడీ మీద, ఇంకొకటి బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద. ఇక్కడ 0.2 దాటకూడదు.

ఈ చిన్న అంకెల గురించి అంత పట్టింపు ఎందుకంటే, ఒక లెక్క చూడండి. 40 యాంపియర్లు పారుతున్నప్పుడు పాజిటివ్ దారిలో 0.8 వోల్టు పోతోందనుకుందాం. అంటే ఆ దారి నిరోధం 0.02 ఓమ్, అక్కడ వేడిగా పోతున్నది 32 వాట్లు. అదే దారిలో రేపు 90 యాంపియర్లు పారిస్తే పోయేది 1.8 వోల్టులు, పుట్టే వేడి 162 వాట్లు, అంటే నాలుగైదు సోల్డరింగ్ ఐరన్లు వేడెక్కించి వైరింగ్ మీద పడుకోబెట్టినట్టే. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుంది, అందుకే పాత ఆల్టర్నేటర్‌తో ఇరవై ఏళ్లు ఏ గొడవా లేకుండా నడిచిన వైరు కొత్తదానితో వారంలో కమురుతుంది.

ఇక్కడ నష్టం ఎక్కువ కనిపిస్తే ఏమీ కొనకండి. వైరు మార్చి, ఎర్తులు శుభ్రం చేసి, హెడ్‌లైట్లకి రిలేలు (బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చే స్విచ్‌లు) పెట్టి చూడండి. చాలా బండ్లకి అక్కడితోనే తీరిపోతుంది.

ఎన్ని యాంపియర్లు కావాలి

ఊహించి కొనొద్దు, కూడండి. హెడ్‌లైట్లు చెరో 55 వాట్లయితే రెండూ కలిపి 8 యాంపియర్ల పైచిలుకు. టెయిల్, నంబర్ ప్లేట్, మీటర్ లైట్లు 3. ఇగ్నిషన్ 4. వైపర్లు 5. బ్లోయర్ ఫుల్లు మీద 12 నుంచి 15. ఏసీ క్లచ్ 4. ఎలక్ట్రిక్ రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు 15 నుంచి 20, తిరగడం మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఇంజెక్షన్ బండి అయితే ఫ్యూయల్ పంపు మరో 6. బ్రేక్ మీద కాలు ఉంటే ఇంకో 3, 4. మొత్తం 65 దగ్గరికి వచ్చేసింది, ఇంకా వెనక అద్దం హీటరూ యాంప్లిఫయరూ కలపలేదు. దీనికి పావు వంతు అదనం వేసుకోండి, ఎందుకంటే స్టార్ట్ చేసినప్పుడు ఖర్చయింది బ్యాటరీకి తిరిగి ఇవ్వాలి, పైగా ఏ ఆల్టర్నేటరూ వేడెక్కాక లేబుల్ మీద రాసినంత ఇవ్వదు. అంటే 80, 90 యాంపియర్ల రకం సరిపోతుంది. ఇలాంటి బండికి 150, 200 వేయాలన్న ఆశ వద్దు. ఆల్టర్నేటర్ ఎంత పెద్దదైనా లోడు అడిగినంతే ఇస్తుంది, నిజమే, కానీ దాని బరువుకి బ్రాకెట్టు, దాని లాగుడికి బెల్టు తట్టుకోవాలి కదా.

పోల్చుకోవడానికి పాత లెక్కలు చెబుతాను. ఆల్టర్నేటర్ల కంటే ముందు వాడిన డైనమోల్లో, లూకాస్ సీ40 ఇచ్చేది 22 యాంపియర్లు, అదీ వేగంగా తిరిగినప్పుడే, ఐడ్లింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. 1960 మోడల్ క్రైస్లర్ వాలియంట్‌తో ఆల్టర్నేటర్లు మామూలు కార్లలోకి రావడం మొదలైంది, ఆ మార్పుకి పెద్ద కారణమే ఈ ఐడ్లింగ్ సమస్య. లూకాస్ 17ఏసీఆర్ 36 యాంపియర్లు, జనరల్ మోటార్స్ 10ఎస్ఐ రకాలు 37 నుంచి 63 దాకా, దాని తర్వాతి 12ఎస్ఐ 94 దాకా ఇస్తాయి. చూశారుగా, ఒకే కుటుంబంలో తర్వాతి తరం రకం తీసుకుంటేనే చాలాసార్లు కావాల్సినంత దొరుకుతుంది, బోల్టు రంధ్రాలు కూడా కలిసే అవకాశం ఎక్కువ.

ఇక లేబుల్. చాలా ఆల్టర్నేటర్ల మీద 14 వోల్టులు అని రాసి పక్కన 50/90 లాంటి రెండు అంకెలు ఉంటాయి. రెండో అంకె ఆల్టర్నేటర్ షాఫ్ట్ 6000 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చేది, మొదటిది 1500 దగ్గర ఇచ్చేది. అమ్మేవాళ్లు రెండోదాని గురించే చెబుతారు, మీకు కావాల్సింది మొదటిది. క్రాంక్ పుల్లీ వ్యాసం 150 మిల్లీమీటర్లు, ఆల్టర్నేటర్ పుల్లీ 65 అయితే నిష్పత్తి 2.3. ఇంజిన్ 800 మీద ఐడ్లింగ్‌లో ఉంటే ఆల్టర్నేటర్ 1840 మీద తిరుగుతుంది, అంటే ఆ మొదటి అంకెకి కాస్త పైన. ట్రాఫిక్‌లో మీ బండి బతికేది ఆ అంకె మీదే. ఎక్కువ యాంపియర్ల కోసం మళ్లీ చుట్టిన కొన్ని ఆల్టర్నేటర్లు పై వేగంలో 140 ఇస్తాయి కానీ ఐడ్లింగ్‌లో పాత దానికంటే తక్కువ ఇస్తాయి, కాబట్టి ఐడ్లింగ్‌లో ఎంత అని గట్టిగా అడగండి, వేగానికి ఎంత కరెంటు అని చూపించే గ్రాఫ్ ఉంటే ఇంకా మంచిది, జవాబు రాకపోతే ఆ సరుకు వదిలేయండి. పుల్లీ చిన్నది వేసి వేగం పెంచడం ఒక మార్గమే, అయితే ఇంజిన్ 6000 మీద తిరిగినప్పుడు ఆల్టర్నేటర్ ఎంత మీద తిరుగుతుందో లెక్క వేసుకుని, దానికి తయారీదారు చెప్పిన గరిష్ఠ వేగం లోపలే ఉండండి. పుల్లీ మరీ చిన్నదైతే బెల్టుకి పట్టు కూడా చాలదు.

ఏది ఎంచుకోవాలి

పాత కారుకి లోపలే రెగ్యులేటర్ ఉన్న, కంప్యూటర్ అవసరం లేని రకమే తీసుకోండి. కొత్త కార్ల ఆల్టర్నేటర్లు చాలావరకు ఇంజిన్ కంప్యూటర్ చెప్పినట్టు వోల్టేజీ మారుస్తాయి. ఆ సంకేతం లేకపోతే కొన్ని తక్కువ వోల్టేజీ దగ్గర ఉండిపోతాయి, కొన్ని అసలు చార్జే చేయవు. తుక్కు బండి నుంచి చవకగా దొరికిందని తెచ్చుకుంటే ఇక్కడే దెబ్బ పడుతుంది.

పాతదీ కొత్తదీ పక్కపక్కన బల్ల మీద పెట్టి చూడండి. బిగించే చెవుల మధ్య దూరం, బోల్టు లావు, పుల్లీ ముందుకి ఎంత పొడుచుకొచ్చింది, షాఫ్ట్ లావు, బెల్టు రకం. ఒంటి చెవి రకమా, రెండు చెవులదా. వెనక భాగం తిప్పి పెట్టుకోవచ్చో లేదో కూడా చూడాలి, ఎందుకంటే వైర్ల కనెక్టర్ ఇంజిన్ బ్లాకు వైపు వస్తే మీరు వైరు పెట్టలేరు. చాలా రకాల్లో పొడుగు బోల్టులు నాలుగూ విప్పి వెనక కవరుని పావు తిప్పు తిప్పి మళ్లీ బిగించుకోవచ్చు. అలా తిప్పేటప్పుడు రెండు భాగాలనీ పూర్తిగా విడదీయకండి, కార్బన్ బ్రష్‌లు స్లిప్ రింగుల మీద నుంచి జారి బయటికొస్తే మళ్లీ లోపల కూర్చోబెట్టడం చికాకు.

ముందు ఫ్యాన్ బయటికి కనిపించే రకమైతే దాని రెక్కల వాలు చూడండి. ఆల్టర్నేటర్ ఎటు తిరిగినా కరెంటు ఇస్తుంది కానీ, వంపు రెక్కల ఫ్యాన్ తప్పు దిశలో తిరిగితే గాలి సరిగా లాగదు, లోపల డయోడ్లు వేడికి పోతాయి.

డీజిల్ బండి అయితే ఇంకో మాట. చాలా పాత డీజిల్ కార్లలో ఆల్టర్నేటర్ వెనకే వాక్యూమ్ పంపు ఉంటుంది, దానికి ఇంజిన్ ఆయిల్ గొట్టాలు వెళ్తాయి, బ్రేకు బూస్టర్‌కి వాక్యూమ్ ఇచ్చేది అదే. పంపు లేని ఆల్టర్నేటర్ వేస్తే బ్రేకు పెడల్ రాయిలా అయిపోతుంది. అంటే వాక్యూమ్ పంపు ఉన్న రకమే వేయాలి, లేదా విడిగా పంపు ఏర్పాటు చేసుకోవాలి, మధ్యే మార్గం లేదు. అలాగే ఆర్‌పీఎం మీటర్ ఉన్న డీజిల్ బండ్లలో ఆ మీటర్‌కి సంకేతం చాలాసార్లు ఆల్టర్నేటర్ డబ్ల్యూ టెర్మినల్ నుంచే వస్తుంది, కొత్తదానికి అది ఉందో లేదో చూసుకోండి.

బాగా పాత బండ్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉండటం) ఉంటుంది, ముఖ్యంగా 1960ల దాకా వచ్చిన బ్రిటిష్ కార్లలో. ముందు దాన్ని నెగటివ్ ఎర్త్‌కి మార్చాలి, ఇగ్నిషన్ కాయిల్ వైర్లు అటుదిటు చేయాలి, రేడియో లాంటివి ఏవైనా ఉంటే చూసుకోవాలి. బ్యాటరీ ఉల్టా తగిలించిన మరుక్షణం ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి, వాటికి రెండో అవకాశం ఉండదు.

వైర్లు

బి ప్లస్ నుంచి బ్యాటరీ దాకా కొత్త కేబుల్ వేయండి. రెండు మీటర్ల పొడవు, 90 యాంపియర్లు అనుకుంటే 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌లో పోయేది 0.2 వోల్టు దగ్గర. అదే 6 చదరపు మిల్లీమీటర్లదైతే అర వోల్టు పైనే పోతుంది, 50 వాట్ల వేడి. 120 దాటిన ఆల్టర్నేటర్‌కి 25 వాడండి. సన్న పోగులు ఎక్కువగా ఉన్న, వేడికి తట్టుకునే తొడుగున్న ఆటోమొబైల్ కేబులే కొనండి, ఇంటి వైరింగ్ వైరు ఇంజిన్ అదురుకి లగ్గు దగ్గర విరుగుతుంది. లగ్గుని పెద్ద క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి, సుత్తితో కొట్టి చదును చేసింది క్రింపింగ్ కాదు. నొక్కాక గట్టిగా లాగి చూసి, హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే తొడుగు) వేయండి.

పాత బి ప్లస్ లగ్గు విప్పినప్పుడు ఒక్క నిమిషం దాన్ని పరికించి చూడండి. తొడుగు గట్టిపడి పెళుసుగా ఉండటం, కాస్త వెనక్కి ఒలిస్తే లోపల రాగి మెరవకుండా నల్లగానో పచ్చగానో ఉండటం చాలా బండ్లలో కనిపిస్తుంది. ఇంకో నాలుగంగుళాలు ఒలిచినా అదే రంగు ఉంటే, లగ్గు మార్చడం వల్ల ఏమీ ఒరగదు, వైరంతా పోయినట్టే.

ఫ్యూజ్ తప్పనిసరి, అది బ్యాటరీ దగ్గరే ఉండాలి. ఎందుకంటే ఆ కేబుల్ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే దాంట్లోకి వందల యాంపియర్లు పంపేది బ్యాటరీయే, ఆల్టర్నేటర్ కాదు. 90 యాంపియర్ల ఆల్టర్నేటర్‌కి 125 ఫ్యూజ్ వేస్తారు. సరిగ్గా 90 వేస్తే నిండు లోడులో అది పోయే అవకాశం ఉంది, పరుగులో ఉండగా పోతే ఆల్టర్నేటర్ ఒక్కసారిగా బ్యాటరీ నుంచి తెగిపోయి వోల్టేజీ పైకి ఎగదన్నుతుంది. అలాగని కేబుల్ మోయగలిగినదానికంటే పెద్ద ఫ్యూజ్ వేస్తే అది ఉన్నా లేనట్టే.

పాజిటివ్‌కి ఇంత చేసి ఎర్తుని వదిలేసేవాళ్లే ఎక్కువ. వెళ్లిన కరెంటు అంతా తిరిగి రావాలి కదా! ఇంజిన్ బ్లాకు నుంచి బ్యాటరీ నెగటివ్‌కి అంతే లావు కేబుల్, బ్లాకు నుంచి బాడీకి ఇంకొకటి. ఆల్టర్నేటర్ బ్రాకెట్టుకి రంగు వేసి ఉంటే బోల్టు తగిలే చోట గీకేయండి. గీకి, పళ్ల వాషర్ వేసి, బిగించాక పైన గ్రీజు పూయండి.

డాష్‌బోర్డులో ఆంమీటర్ (కరెంటు కొలిచే మీటర్) ఉన్న కార్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మంటలు లేచే చోటు ఇదే. ఆ బండ్లలో చార్జింగ్ కరెంటు మొత్తం ఇంజిన్ గది నుంచి డాష్‌బోర్డు వెనక్కి వెళ్లి, ఆంమీటర్ గుండా తిరిగి బ్యాటరీకి వస్తుంది. 30 యాంపియర్ల మీటర్‌కి 90 పంపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొత్త కేబుల్ నేరుగా బ్యాటరీకి వేశాక ఆంమీటర్ లెక్క ఎలాగూ తప్పుతుంది. ఆ రెండు వైర్లనీ మీటర్ నుంచి తీసి, గట్టిగా కలిపి, బాగా ఇన్సులేట్ చేసి, దాని స్థానంలో వోల్ట్ మీటర్ పెట్టుకోండి. పాత సన్న చార్జింగ్ వైరుని కూడా ఆల్టర్నేటర్ దగ్గర తీసేయండి, లోపలి వైరింగ్‌కి కరెంటు బ్యాటరీ వైపు నుంచి విడిగా ఒక ఫ్యూజ్ ద్వారా వస్తోందని ముందే చూసుకోండి. పాత వైరు అలాగే జతగా ఉంటే, కొత్త కేబుల్ ఫ్యూజ్ పోయిన రోజు మొత్తం భారం ఆ సన్న వైరు మీద పడుతుంది.

విడి రెగ్యులేటర్, అంటే కటౌట్ ఉన్న బండిలో దాన్ని సర్క్యూట్ నుంచి తప్పించాలి. లోపల రెగ్యులేటర్ ఉన్న ఆల్టర్నేటర్‌కి సాధారణంగా లావు బి ప్లస్‌తో పాటు చార్జింగ్ లైటు వైరు ఒకటి, కొన్నిటికి ఇగ్నిషన్ వైరు, వోల్టేజీ చూసుకునే సెన్స్ వైరు ఉంటాయి. సెన్స్ వైరు ఉంటే దాన్ని ఆల్టర్నేటర్ దగ్గరే చుట్టేయకుండా బ్యాటరీ దాకా, లేదా లోడంతా విడిపోయే జంక్షన్ దాకా తీసుకెళ్లండి, దారిలో పోయే వోల్టేజీని రెగ్యులేటర్ అప్పుడే సరిదిద్దగలదు. ఒక్క వైరుతో పనిచేసేవి బిగించడం తేలికే, కానీ కాస్త రేస్ చేసేదాకా చార్జింగ్ మొదలవదు, నేనైతే వాటిని ఎంచుకోను.

చార్జింగ్ లైటు కేవలం హెచ్చరిక కోసం ఉన్నది కాదు. తాళం తిప్పగానే ఆ బల్బు గుండా వెళ్లే కొద్ది కరెంటే రోటర్‌ని, అంటే ఆల్టర్నేటర్ లోపల తిరిగే అయస్కాంతపు భాగాన్ని, మొదట మేల్కొలుపుతుంది. దాని బదులు ఎల్ఈడీ వేస్తే ఆ కరెంటు చాలదు, బండి స్టార్టయినా చార్జింగ్ రాదు. ఎల్ఈడీయే కావాలంటే దానికి సమాంతరంగా 50 నుంచి 100 ఓమ్‌ల మధ్య, 5 వాట్ల రెసిస్టర్ పెట్టండి. పాత కటౌట్ తీసేసి మార్చిన కొన్ని బండ్లలో ఇంకో వింత కనిపిస్తుంది: తాళం తీసేసినా ఇంజిన్ ఆగదు. లైటు వైరు గుండా కరెంటు వెనక్కి ఇగ్నిషన్‌లోకి వస్తుండటమే కారణం. ఆ వైరులో ఆల్టర్నేటర్ వైపుకి మాత్రమే కరెంటు వెళ్లేలా ఒక డయోడ్ పెడితే సరి.

బిగించడం

బ్యాటరీ నెగటివ్ ముందు తీయండి. బి ప్లస్ ఎప్పుడూ నేరుగా బ్యాటరీకి కలిసే ఉంటుంది, స్పానర్ బాడీకి తగిలితే చేతికున్న ఉంగరం కూడా కాలుతుంది. విప్పే ముందు వైర్లని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

కొత్తదాన్ని పెట్టాక అన్నిటికంటే శ్రద్ధ పెట్టాల్సింది పుల్లీల వరస మీద. ఒక తిన్నని ఇనుప స్కేలుని క్రాంక్ పుల్లీ ముఖానికి ఆనించి ఆల్టర్నేటర్ పుల్లీ దాకా చూడండి, పుల్లీ అంచుల మందం వేరైతే గాడి మధ్య నుంచి కొలవాలి. తేడా ఒక మిల్లీమీటర్ దాటితే వాషర్లతో, స్పేసర్లతో సరిచేయండి. కుడిఎడమలే కాదు, పై నుంచి చూసినప్పుడు ఆల్టర్నేటర్ ఏటవాలుగా కూర్చోకూడదు. బ్రాకెట్టుని బోల్టు బలంతో లాగి కలిపితే అల్యూమినియం చెవి ఏదో ఒక రోజు పగులుతుంది.

బెల్టు విషయానికొస్తే, 90 యాంపియర్లు 14 వోల్టుల దగ్గర అంటే 1260 వాట్లు. ఆల్టర్నేటర్ సామర్థ్యం 55, 60 శాతమే, కాబట్టి బెల్టు మోయాల్సింది 2.2 కిలోవాట్లు, దాదాపు 3 హార్స్ పవర్. ఒంటి వీ బెల్టుకి ఇది హద్దు లాంటిది, మంచి బెల్టు, సరైన బిగువు ఉంటే నడుస్తుంది. అంతకు మించి వెళ్లాలంటే జంట బెల్టు పుల్లీలైనా, పొడుగునా గీతలుండే వెడల్పు బెల్టైనా పెట్టుకోండి. బెల్టు వెడల్పు గాడికి సరిపోవాలి, వీ బెల్టు పట్టు దాని పక్కల్లో ఉంటుంది, అడుగున ఆనితే ఎంత బిగించినా జారుతుంది. పొడుగు వైపు మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 10, 12 మిల్లీమీటర్లు దిగాలి. అంతకంటే బిగిస్తే నీళ్ల పంపు బేరింగు త్వరగా పోతుంది.

ఆఖర్న బి ప్లస్ మీద రబ్బరు టోపీ వేసి, ఇంజిన్ ఊగినప్పుడు కేబుల్ లాగకుండా కాస్త వదులు ఉంచి, ఎగ్జాస్ట్‌కి దూరంగా క్లిప్పులు వేయండి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనే ఆల్టర్నేటర్ ఉంటే మధ్యలో ఒక రేకు అడ్డు పెట్టండి.

స్టార్ట్ చేసి చూడటం

మొదటి స్టార్ట్‌కి ముందు బ్యాటరీని చార్జర్ మీద నిండుగా పెట్టండి. డౌనయిన బ్యాటరీని కొత్త ఆల్టర్నేటర్‌తో నింపాలని చూస్తే అది మొదటి అరగంట అంతా దాదాపు పూర్తి శక్తితో పనిచేసి వేడెక్కిపోతుంది.

తాళం తిప్పితే చార్జింగ్ లైటు వెలగాలి, స్టార్ట్ కాగానే ఆరిపోవాలి. పూర్తిగా ఆరకుండా మసకగా మిణుకుతుంటే డయోడ్ అయినా పోయి ఉండాలి, లేదా లైటుకి సరఫరా చేసే దారిలో ఎక్కడో వోల్టేజీ తగ్గుతుండాలి. బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. 15 దాటితే వెంటనే ఆపేసి సెన్స్ వైరు, ఎర్తు చూడండి. తర్వాత మొదట్లో చేసిన పరీక్షలన్నీ మళ్లీ చేయండి, అన్ని లోడులూ వేసి, ఐడ్లింగ్‌లో, 1500 మీద, పాజిటివ్ నష్టం, నెగటివ్ నష్టం, ఏసీ వోల్టేజీ. ఇరవై నిమిషాలు నడిచాక వోల్టేజీ కొంచెం తగ్గితే కంగారు పడకండి, వేడికి తగ్గట్టు రెగ్యులేటరే తగ్గిస్తుంది. ఇంజిన్ ఆపి, లగ్గులని ఒక్కొక్కటిగా చేత్తో తాకి చూడండి, కేబుల్ కంటే లగ్గు వేడిగా ఉంటే ఆ జాయింటు సరిగా లేదు.

ఎవరైనా "చార్జింగ్ వస్తోందో లేదో చూద్దాం" అని ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకబోతే చేయి పట్టుకుని ఆపండి. డైనమో రోజుల నుంచి వచ్చిన అలవాటు అది. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో అలా పీకితే వోల్టేజీ ఒక్క క్షణం 60, 80 దాకా కూడా ఎగురుతుంది, డయోడ్లు, రెగ్యులేటర్, మ్యూజిక్ సిస్టమ్, ఇంజెక్షన్ ఉంటే దాని కంప్యూటర్, ఏది పోతుందో చెప్పలేం.

చివరిగా బండి ఆపి, తాళం తీసి, తలుపులు మూసి, బ్యాటరీ నెగటివ్‌కీ దాని కేబుల్‌కీ మధ్య మీటర్‌ని మిల్లీయాంపియర్ల మీద పెట్టి చూడండి. 50 మిల్లీయాంపియర్ల లోపు ఉండాలి. ఎక్కువ ఉంటే కొత్త ఆల్టర్నేటర్ బి ప్లస్ తీసి చూడండి, తగ్గితే లీకు దాని డయోడ్లలోనే, తగ్గకపోతే బండిలో ఇంకెక్కడో. కొత్త బెల్టు రెండు మూడు వందల కిలోమీటర్లకి కచ్చితంగా సాగుతుంది, అప్పుడు మళ్లీ బిగువు సరిచూసి, అదే పూటలో బి ప్లస్ నట్టునీ, ఎర్త్ బోల్టులనీ ఒకసారి స్పానర్ వేసి చూడండి. కొత్త ఆల్టర్నేటర్ కోసం వేరే పొడవున్న బెల్టు వేసి ఉంటే, ఇప్పుడు వేసిన బెల్టు నంబరుని రాసి బానెట్ లోపల అంటించండి, డిక్కీలో ఉన్న పాత స్పేర్ బెల్టు ఇక పట్టదు.